వెలగని చేప

"లైటు ఆపీసినావా?"

"ఆపీసినాను. నువ్వు బేగి రా, అన్నం సల్లారిపోతాది."

మా ఆయనా నేనూ ఆఖరుసారి మాట్లాడుకున్న మాటలివి. ఇంతకంటే ఏమీ లేదు. అందరూ అడిగారు, పోయేముందు ఏమైనా చెప్పాడా అని. లైటు ఆపావా అని అడిగాడని చెబితే బాగుండదని, ఏమీ చెప్పలేదన్నాను. మోపెడ్ వెనక గోనెసంచి కట్టుకుని బయలుదేరాడు. సంచిలో పిల్లల నల్ల గ్లవుజులున్నాయి. గొలుగొండ దారిలో ఉన్న స్కూల్లో ఇచ్చి, పిల్లల చేతులకు సరిపోతున్నాయో లేదో చూసుకుని, మధ్యాహ్నం భోజనానికి వచ్చేస్తానన్నాడు. స్కూలు గేటు దాకా వెళ్ళాడట. బండికి స్టాండు వేశాడట. వేసి, అక్కడే గోడకు ఆనుకుని కూర్చుండిపోయాడట. గుండె. ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్ళేలోపే అయిపోయింది. మనుషులు నాకు చెప్పడానికి వచ్చేసరికి నేను అప్పడాలు వేయిస్తున్నాను.

ఇదంతా రాస్తున్నది నా తోటికోడలు, మా మరిది భార్య. అంగన్‌వాడీలో టీచరు. మా ఆయన పోయిన తరవాత ఆదివారం ఆదివారం వచ్చి నాతో కూర్చుంటోంది. మిగతా రోజులు ఎవరూ రారు. మాకు పిల్లలు లేరు. అందుకని దాన్ని చూడగానే నా నోరు ఆగదు. పోయిన వారం విసుక్కుంది.

"ఒక్కటే సంగతి ఎన్నిసార్లు సెప్తావక్కా? ఈసారి సెప్పు, రాసీసి ఇచ్చెత్తాను. మళ్ళీ సెప్పాలనిపిస్తే కాయితం తీసి సదువుకో."

"నాకు సదవడమొస్తే కదే."

"బోర్డులు రాసినోడి పెళ్ళానివి. సిగ్గునేదేటి?"

సిగ్గెందుకు. మా ఆయన చెయ్యెత్తున రాసిన అక్షరాలైతే పోల్చుకుంటాను. కిరాణా, టైలర్, టిఫిన్స్, అన్నీ చదువుతాను. కాగితం మీద చీమల్లా రాస్తే మాత్రం నాకు చీమలే.

మా ఆయన బోర్డులు రాసేవాడు. నర్సీపట్నంలో, బలిఘట్టంలో, ఇటు ఎస్. రాయవరం దాకా ఆయన రాసిన గోడలు ఉండేవి. ఫ్లెక్సీలు వచ్చాయి, బోర్డులు పోయాయి. కొన్నాళ్ళు గోడలకు రంగులు వేసే పనికి వెళ్ళాడు. నిచ్చెన మీద నిలబడి పేరు లేని గోడకు పూత పెడుతుంటే నిద్రొస్తోందనేవాడు. అప్పుడు చర్చి వాళ్ళు క్రిస్మస్ నాటకానికి దేవదూతల రెక్కలు చేసి పెట్టమన్నారు. చీకట్లో మెరవాలన్నారు. అక్కడ మొదలైంది ఈ రేడియం పొడి.

రేడియం అని మేమంటాం, అందరూ అంటారు. సీసా మీద ఇంగ్లీషులో వేరే పేరుంటుంది. చిలకపచ్చ, నారింజ, గులాబి, నిమ్మపండు రంగు. ముగ్గుపొడి కంటే మెత్తన. మూత తీస్తే చాలు, గాలి లేకపోయినా లేస్తుంది. ముక్కుకు కొంగు కట్టుకుని కలిపినా, చీదితే రంగే. చూసినవాళ్ళంతా చీకట్లో తనంతట తానే వెలుగుతుందనుకుంటారు. వెలగదు. దానికి ఊదారంగు ట్యూబులైటు ఒకటి ఉంటుంది, అది వేస్తేనే వెలుగుతుంది. ఆ లైటు మనకు సరిగ్గా కనిపించను కూడా కనిపించదు. గదిలో చీకటి అలాగే ఉంటుంది, పొడి పూసినవి మాత్రం నిప్పుకణికల్లా లేస్తాయి. వేసుకున్న తెల్ల బనీను, నవ్వితే పళ్ళు కూడా మెరుస్తాయి. మొదటిసారి ఆ లైటు వేసినప్పుడు మా ఆయన పళ్ళు చూసి నేను కెవ్వుమన్నాను.

"దెయ్యం కాదే, నానే," అన్నాడు.

"తేడా తెలీడం నేదయ్యా," అన్నాను.

ఇది ఇద్దరు చేసే పని. అది మీకు అర్థం కావాలి. మధ్య గదిలో కిటికీకి టార్పాలిన్ కట్టేవాళ్ళం, పట్టపగలే చీకటయ్యేది. పొడి బంకలో కరగదు, అడుక్కి దిగిపోతుంది. ఒక చేత్తో నేను గిన్నె తిప్పుతూనే ఉండాలి, రెండో చేత్తో లైటు పట్టుకోవాలి, ఆయన కుంచె ఎటు కదిలితే అటు లైటు కదపాలి. నల్ల అట్ట మీద నేరుగా పూస్తే పొడి పలకదు. ముందు తెల్ల పూత పూసి, ఆరాక దానిమీద పూయాలి. తెలుపు గీత బయటికి కనిపిస్తే తప్పు. పూత పలచనైతే తప్పు. "ఎత్తు, ఎత్తు. నా మొకమ్మీద కాదే, సేప మీద," అని అరిచేవాడు. అలా అరుస్తూనే పొద్దు గడిచేది. ఇప్పుడు ఆ గదిలో ఎవరూ నా మీద అరవరు. లైటు పట్టుకోవడానికి మనిషి లేక, దాన్ని మంచం పట్టెకు తాడుతో కట్టాను.

స్కూళ్ళలో వార్షికోత్సవాలకు రేడియం డాన్సులు వేస్తారు. పిల్లలకు నెత్తి నుంచి పాదాల దాకా నల్లబట్టలు, వెనక నల్ల తెర. చేతుల్లో ఉన్నవి తప్ప మనిషి కనపడడు. సీతాకోకచిలుకలు, గొడుగులు, అస్థిపంజరాలు, ఏవి అడిగితే అవి చేసిచ్చేవాళ్ళం. ఈసారి ఆ స్కూలు డాన్సు మాస్టారు సముద్రం కావాలన్నాడు. పిల్లలు చిన్న చేపలను కర్రలకు గుచ్చి పట్టుకుని ఆడుతుంటే, చివర్లో పెద్ద చేప ఒకటి స్టేజీ ఈ చివర నుంచి ఆ చివరకు ఈదుకుంటూ పోవాలి. పెద్దదాన్ని పిల్లలు మోయలేరు కాబట్టి, నల్ల చొక్కా వేసుకుని మా ఆయనే మోస్తానన్నాడు.

చిన్నవన్నీ ముందే అయిపోయాయి. పెద్దది పలచటి ప్లైవుడ్ మీద చేశాడు, మనిషంత పొడవు. పోయే ముందు రోజు దాని మీద పొలుసులు వేశాడు. ఒక్కో పొలుసు ఒక్క విసురు. కుంచె ఎత్తేటప్పుడు చివర తోక వస్తుంది, అది మా ఆయన చెయ్యి. బోర్డుల మీద కొమ్ములకీ దీర్ఘాలకీ అదే తోక ఉండేది.

"సముద్రం సేపలాగ నేదయ్యా. సంతలో బుట్టలో సేపలాగుంది. పులుసెట్టీడానికి బాగుంటాది," అన్నాను.

"నోరు మూసుకుని లైటట్టుకో."

అదీ మా ఇద్దరి ఆఖరి పని.

కర్మకాండలు అయిపోయాయి. చుట్టాలు వెళ్ళిపోయారు. వచ్చినవాళ్ళు పడుకోవడానికి మధ్యగది టార్పాలిన్ ఎవరో విప్పేశారు. ఒకరోజు మధ్యాహ్నం ఆ గదిలోకి వెళితే గోడకు ఆనించిన పెద్ద చేప మీద ఎండ పడుతోంది. ఈ రంగులు ఎండకు ఆగవు. ఎండలో పెడితే గులాబి మొదట పోతుంది, తరవాత నారింజ. అందుకే మా ఆయన పొడి సీసాలను కూడా బట్ట కప్పి పెట్టేవాడు. చేపను నీడకు జరిపాను. కానీ నాకు భయం పట్టుకుంది. స్టేజీకి ఇంకా రోజులున్నాయి, తరవాత కూడా అది నా దగ్గరే ఉండాలి, నేనున్నన్నాళ్ళూ ఉండాలి. ఇల్లన్నాక ఎండ పడకుండా ఎక్కడ దాచను?

బజారులో రంగుల కొట్టుకు వెళ్ళాను. మా ఆయన ఎప్పుడూ వెళ్ళే కొట్టు కాదు. అక్కడికి వెళితే ఆయన గురించి అడుగుతారు, ఏడవాలి.

"ఎండకి రంగు పోకుండా పైన పూసీది ఏదైనా ఉందేటి బాబూ?" అన్నాను.

"ఉందమ్మా. సెక్క గుమ్మాలకి పూస్తారు, బయటేసిన కుర్సీలకి పూస్తారు. నీళ్ళలాగ తేటగా ఉంతాది. ఎండని అసలు లోపలికి రానివ్వదు."

"రంగు కనిపిస్తాది గదా?"

"అద్దం కింద ఎట్టినట్టు కనిపిస్తాది."

ఆ వార్నిష్ తెచ్చాను. చేపను నేలమీద పడుకోబెట్టి, మెత్తటి కుంచెతో ఒక పూత పూశాను. ఆరాక ఇంకో పూత. పొలుసు పొలుసుకూ ఆగి ఆగి పూశాను. ఒళ్ళు రుద్ది స్నానం చేయించినట్టు అనిపించింది. చెప్పుకుంటే నవ్వుతారు గానీ, మా ఆయన పోయాక ఇంట్లో నాకు మనసు కుదురుగా ఉన్న రోజు అదొక్కటే. ఆరిన తరవాత పగటి వెలుతుర్లో చూస్తే చేప నిగనిగలాడుతోంది. నీళ్ళలోంచి అప్పుడే తీసినట్టుంది. గులాబి గులాబిలాగా, పచ్చ పచ్చలాగా ఉంది. సంబరపడ్డాను.

తరవాత డాన్సు మాస్టారు వచ్చాడు. కుర్రవాడు, మొహమాటస్తుడు. కుర్చీలో కూర్చోకుండా గుమ్మంలోనే నిలబడ్డాడు.

"ఆంటీ, మేం అడక్కూడదు గానీ... సముద్రం ఐటం ఉంచమంటారా, తీసేయమంటారా?"

"అన్నీ అయిపోయినాయి బాబూ. సూపిస్తాను రా."

టార్పాలిన్ మళ్ళీ కట్టి, మంచం పట్టెకున్న లైటు వేశాను. చిన్న చేపలన్నీ గోడ మీద ఒక్కసారి లేచాయి. మాస్టారు "అబ్బ!" అన్నాడు. నేను పెద్దదాని వైపు తిరిగాను. అక్కడ చీకటి ఉంది. బూడిద కప్పిన కుంపటిలాగా ఎక్కడో లోపల కాస్త ఎరుపు, కాస్త పచ్చ, అంతే. లైటు దగ్గరికి జరిపాను. ఇంకా దగ్గరికి, ట్యూబు దాని కంటికి తగిలేంత దగ్గరికి. లేవలేదు.

అప్పుడు కొట్టువాడి మాట చెవిలో మోగింది. ఎండని అసలు లోపలికి రానివ్వదు. ఆ ఊదా వెలుగూ ఎండలో ఉండేదే కదా. మా ఆయన చెబుతుండేవాడు కూడా. రంగును తినేసేదీ అదే, వెలిగించేదీ అదే అని. ఎండ లోపలికి పోకుండా తలుపు వేసి గడియ పెట్టాను. లైటు కూడా బయటే ఉండిపోయింది.

మాస్టారు నా మొహం చూశాడో ఏమో, నెమ్మదిగా అన్నాడు. "పర్లేదాంటీ. పైన మళ్ళీ రేడియం కొట్టేయండి. పొడి ఉంది కదా."

ఉంది. మాస్టారు వెళ్ళాక ముందు గరుకు కాగితం తీసి తోక చివర రుద్ది చూశాను, వార్నిష్ ఒక్కటే వస్తుందేమోనని. కాగితానికి పచ్చపొడి అంటుకుని వచ్చింది. లైటు పెడితే కాగితం వెలిగింది, తోక మీద అంతమేర బోడిగా మిగిలింది. ఇంకా రుద్దితే మా ఆయన చెయ్యి మొత్తం కాగితం మీదికి వచ్చేస్తుంది. ఆపేశాను.

తరవాత గులాబి పొడి కలిపాను. తెల్లది పూయక్కర్లేదు, కింద రంగు ఉంది కదా. కుంచె ముంచి, మొదటి పొలుసు మీద పెట్టబోయాను. కుంచె ఎత్తేటప్పుడు వచ్చే ఆ తోక నాకు రాదు. నేను వేస్తే వెలుగుతుంది, నిజమే. చూసినవాళ్ళకు తేడా తెలియదు, అదీ నిజమే. కానీ అడుగున ఆయన గీత, పైన నా గీత. ఆయనది కనపడకుండా నాది కప్పేసినట్టవుతుంది. వార్నిష్ కప్పింది చాలదా? గిన్నెలో పొడి అడుక్కి దిగిపోయేదాకా అలాగే కూర్చున్నాను. తరవాత కుంచె కడిగేశాను.

ఆ ఆదివారం తోటికోడలు వచ్చినప్పుడు ఆ సంగతి చెప్పాను.

"ఆ సేపని స్టేజీ మీదకి నానే ఎత్తుకెల్తాను," అన్నాను.

రాస్తున్నావు కదూ? నువ్వు అన్నవి కూడా రాయి, తప్పించుకోకు.

"నీకేటి మతిపోనాదా? ఏడాది తిరక్కుండా పదిమంది ముందుకెల్తావా? అదీ స్టేజీ ఎక్కుతావా?"

"పదిమందికి నాను కనిపిస్తే కదే. నల్లబట్టలు, నల్ల ముసుగు, సీకటి. నా అంత మరుగున ఎవులుంతారు?"

"సేప ఎలగదు, నువ్వు కనపడవు. మరెందుకెల్లడం?"

ఆయన ఒప్పుకున్న పని. చివర్లో పెద్ద చేప వెళ్ళాలి. వెలిగినా వెలగకపోయినా అది ఒకసారి వెళ్ళాలి. అదే అన్నాను. డాన్సు మాస్టారు కూడా ఫోనులో నసిగాడు. "కనిపించదు కదాంటీ..." అన్నాడు. "కనిపించకపోతే మీ డాన్సుకేటి నష్టం బాబూ? ఉన్నాదని ఎవులికి తెలుస్తాది?" అన్నాను.

వార్షికోత్సవం రోజు చీకటి పడుతుండగా తోటికోడలూ నేనూ వెళ్ళాం. మా ఆయన నల్ల చొక్కా వేసుకున్నాను. భుజాలు దిగిపోయాయి. చేతులు మడిచాను. స్టేజీ వెనక పిల్లల నల్లబట్టల మీద దూదిపోగులు ఏరాను. ఒక్క పోగున్నా ఆ లైటుకు తెల్లగా మెరుస్తుంది. అది మా పని, ఎప్పుడూ చేసేదే. పిల్లలు ఒకటే గోల.

"ఆంటీ, ఎప్పుడూ వచ్చే అంకులేరి?" అని ఒక పిల్ల అడిగింది.

"ఈసారి నన్నంపినాడు," అన్నాను.

పాట మొదలైంది. దీపాలన్నీ ఆపారు, స్టేజీ ముందు నేలమీద ఊదా లైట్లు వేశారు. చిన్న చేపలు స్టేజీ మీదికి వెళ్ళాయి. బయట జనం ఒక్కసారిగా ఈలలు, చప్పట్లు. నేను తెర పక్కన చేపను కర్రమీద ఎత్తి పట్టుకుని నిలబడ్డాను. బరువు. ఆయన ఇంత బరువు మోస్తాడని అప్పటిదాకా నాకు తెలియదు. మాస్టారు భుజం తట్టగానే కదిలాను.

మెల్లగా నడిచాను. ఈదినట్టు కాస్త పైకి, కాస్త కిందికి. ముసుగులోంచి నాకు కనిపించింది కర్ర, నా గ్లవుజులు, ఎదురుగా జనం కూర్చున్న చీకటి. చేప నాకు కనపడదు, అది నా తలపైన జనం వైపు తిరిగి ఉంది, నేను దాని వెనక ఉన్నాను. వెలిగే చేపనైనా మోసేవాడు చూడలేడని అప్పుడు అర్థమైంది. ఆయన ఎన్నెన్ని మోశాడో, ఒక్కటీ ఎదురుగా చూడలేదు. సగం దూరం వెళ్ళేసరికి ఈలలు ఆగాయి. చప్పట్లు కూడా సన్నగిల్లాయి. ఐటం చెడగొట్టాను, ఇక్కడొక మనిషి ఉందని తెలిసిపోయింది అనుకున్నాను. అయినా ఆగలేదు. ఆ చివరకు వెళ్ళి దింపాను. మెట్ల కింద బెంచీ మీద చేపను ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. దీపాలు వచ్చాక అందరూ పిల్లల్ని ఎత్తుకుంటున్నారు. నా దగ్గరికి ఎవరూ రాలేదు. నేనెవరో ఎవరికి తెలుసు.

జనంలో కూర్చున్న తోటికోడలు వెతుక్కుంటూ వచ్చింది. ఆటో ఎక్కాం. చేపను ఇద్దరి మోకాళ్ళ మీదుగా అడ్డంగా పెట్టుకున్నాం. తోటికోడలు చేప అంచునే చూస్తూ కూర్చుంది. నోరు తెరిస్తే మూయని మనిషి. బాగా తిట్టడానికి మాటలు వెతుక్కుంటోందనుకున్నాను.

"అక్కా, బావగారి సేప కనిపించింది," అంది.

"ఊరికినే నన్ను ఊరుకోబెట్టకు."

"ఊరుకోబెట్టడానికి కాదు. ఎలగనేదు, ఒట్టు. కానీ ఎనకాల సిన్నసేపలున్నాయి గదా. ఈ పక్క సేప టపీమని ఆరిపోనాది. ఆ తర్వాత దాని పక్కది. మళ్ళీ మొదటిది ఎలిగింది. అలగ ఒకటొకటి ఆరిపోతా, ఎలుగుతా ఆ సివరి దాకా ఎల్లింది. ముందేదో పెద్దది అడ్డంగా ఎల్తంది. ఎంత పెద్దదో, మూతెక్కడో, తోకెక్కడో, ఆరిన దాన్నిబట్టి తెలిసిపోతంది. నా పక్కనావిడ పిల్లోడ్ని ఒళ్ళోకి లాగీసుకుంది. ఈలలెయ్యడం మరిసిపోనారు అందరూ."

నేను చేప మీద చెయ్యి పెట్టుకున్నాను. ఆటో బలిఘట్టం మలుపు తిరిగింది. ఇంటి దగ్గర దిగాక అది వాళ్ళింటికి వెళ్ళిపోయింది. చేపను మధ్యగదిలో పెట్టి, ఒక్కదాన్నీ చల్లన్నం తిన్నాను.

ఇదిగో అమ్మాయ్, ఆ ఆటోలో చెప్పింది నీ మాటల్లోనే రాశావా? నా మాటల్లోకి మార్చకు. నేను దాని వెనకాల ఉన్నాను, నేను చూడలేదు. చూసినదానివి నువ్వు. నేను ఎన్నిసార్లు తలుచుకున్నా నాకు కర్రే కనిపిస్తోంది.

"రాసీనానక్కా. సెయ్యి లాగీస్తంది. ఇంక సాలా?"

"సాల్లే. ఇప్పుడు సదువు. మొదట్నుంచి ఒద్దు, అదంతా నాకు తెలుసు. మొదటి సేప ఆరిపోనాది సూడు, అక్కడ్నుంచి సదువు. బేగి బేగి సదివీకు. మెల్లగా సదువు, నాను సూసుకోవాల."